స్వతంత్ర జీవన మండలికి ఏది మేలు: సొసైటీనా, సెక్షన్ 8 కంపెనీనా, మ్యాక్స్ సంఘమా?

సంఘానికి పేరేం పెట్టాలి, అధ్యక్షుడిగా ఎవరుండాలి అన్నవి మొదటి మీటింగులోనే తేలిపోతాయి. తేలనిది రిజిస్ట్రేషన్ సంగతి. స్వతంత్ర జీవన మండలి హాస్టల్ కాదు, పునరావాస కేంద్రమూ కాదు. తమకేం కావాలో వికలాంగులే తేల్చుకునే సంస్థ. ఎక్కడ, ఎవరితో ఉండాలో ఎంచుకునే హక్కు, ఇంట్లో సహాయకుడి తోడు అన్నవి 2016 వికలాంగుల హక్కుల చట్టం 5వ సెక్షన్‌లో ఉన్నాయి. సహాయకుడి జీతం సంగతికొచ్చేసరికి 24వ సెక్షన్ సంరక్షకుల భత్యం మాట ఎత్తుతుంది గానీ, దాన్ని ప్రభుత్వ ఆర్థిక స్థోమతకు ముడిపెట్టింది. అందుకే రూపం ఎంచుకునే ముందు రెండు చూడాలి. ఏ రూపానికి ఏ పైసలు వస్తాయి? చెక్కు మీద సంతకం ఎవరిది?

ట్రస్టును ముందే పక్కన పెట్టొచ్చు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు రాసుకుంటే పని అయిపోతుంది, నిజమే. కానీ ట్రస్టీలను పెట్టేది స్థాపకుడు. వాళ్లను దింపే ఓటు సభ్యులకు ఉండదు. వికలాంగుల పేరు మీద ఇంకెవరో నడిపే సంస్థకు అది సరిపోతుంది.

సెక్షన్ 8 కంపెనీకి, అంటే లాభం పంచుకోని సేవా కంపెనీకి, ఇద్దరు చాలు. కంపెనీల దగ్గర దానికి మర్యాద ఎక్కువ, లెక్కలు గట్టిగా ఉంటాయి. చిక్కంతా ఖర్చులోనే. లావాదేవీలున్నా లేకున్నా ఆడిట్ తప్పదు. సర్వసభ్య సమావేశం అయిన 30 రోజుల్లో ఏఓసీ-4 (లెక్కల ఫారం), 60 రోజుల్లో ఎంజీటీ-7 (వార్షిక రిటర్ను) దాఖలు చేయాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు. రెండూ ఏడాది ఆలస్యమైతే 73,000. రెండు వందల మంది సభ్యులు రోజుకో రూపాయి చొప్పున ఏడాదంతా కట్టే చందా కూడా సరిగ్గా 73,000 రూపాయలే. ఆడిటర్‌కు, కంపెనీ సెక్రటరీకి ఏటా ఫీజు కట్టే దారి ముందే దొరికితే తప్ప చిన్న మండలికి ఇది బరువు.

మ్యాక్స్ సంఘం, అంటే 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద పెట్టేది, మన వరంగల్ ప్రాంతానికి కొత్త కాదు. సహకారం ఎట్లుండాలో చూడాలంటే ముల్కనూరు దగ్గర్లోనే ఉంది: 1956లో పెట్టిన గ్రామీణ సహకార బ్యాంకు, ఆ తర్వాత వచ్చిన మహిళల పాల డెయిరీ. వేర్వేరు కుటుంబాల నుంచి పది మంది ఉంటే మ్యాక్స్ సంఘం పెట్టొచ్చు. ఒక్కరికి ఒక్క ఓటు, ఎన్నికల బాధ్యత సంఘానిదే, ప్రభుత్వ వాటాధనం ఉండదు. పరిపాలన పరంగా నాలుగింటిలో ఇదే మేలు. పొదుపుకు, అప్పులకు, కుట్టు కేంద్రం లాంటి వ్యాపారానికి బాగా కుదురుతుంది. కానీ కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ పైసలు దీనికి రావు. ఆ నిబంధనల ప్రకారం అవి రిజిస్టరైన సొసైటీకో, పబ్లిక్ ట్రస్టుకో, సెక్షన్ 8 కంపెనీకో వెళ్లాలి. దాతకు విరాళం మీద వచ్చే పన్ను రాయితీ (80జీ) కూడా దొరకదు.

ఇక సొసైటీ. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు, మెమోరాండం, బైలాస్, జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసు. ఉమ్మడి వరంగల్ ఇప్పుడు ఆరు జిల్లాలు. కార్యక్షేత్రం అన్న చోట ‘హనుమకొండ జిల్లా’ అని మాత్రమే రాస్తే, రేపు ములుగులో ఒకరికి ర్యాంపు కట్టించిన ఖర్చుకు ఆడిటర్ అడ్డుపడతాడు. ‘తెలంగాణ రాష్ట్రం’ అని రాయండి. 2021కి ముందు ‘వరంగల్ అర్బన్’ అని రిజిస్టరైనవాళ్లు సవరణ చేయించుకోవాలి, లేకుంటే పాన్‌లో ఒక చిరునామా, బ్యాంకులో ఇంకో చిరునామా తేలుతుంది.

సొసైటీని ముంచేది 9వ సెక్షన్. సర్వసభ్య సమావేశం అయిన 15 రోజుల్లో కొత్త కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. రెండేళ్లు మరిచిపోతే రికార్డులో పాత అధ్యక్షుడే ఉంటాడు, బ్యాంకు సంతకాలు మార్చనంటుంది, సహాయకుల జీతం ఆగుతుంది. ఆ సందులో ‘అసలు కార్యవర్గం మాదే’ అని ఇంకో వర్గం లేస్తే 23వ సెక్షన్ కింద జిల్లా కోర్టు దాకా పోవాల్సి వస్తుంది. ఇంత ఉన్నా, ఏటా ఆ ఒక్క కాగితం తప్పక ఇచ్చే కార్యదర్శి దొరికితే సొసైటీయే మేలు. పొదుపు పని కూడా చేయాలనుకుంటే దానికి విడిగా మ్యాక్స్ సంఘం పెట్టుకోండి, ఖాతాలు కలపొద్దు. సొసైటీ సొమ్ము కార్యవర్గ సభ్యుడికో, అతని బంధువుకో వడ్డీ లేని అప్పుగా పోతే పన్ను మినహాయింపుకే ఎసరు. 2025 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి గానీ ఆడిటర్ల నోట ఇంకా 12ఏ (సంస్థకు పన్ను మినహాయింపు), 80జీయే.

ఇప్పుడు పైసలు. పది మందికి రోజుకు మూడు గంటల సహాయకుడు అనుకుందాం. నెలకు 900 గంటలు. గంటకు 80 చొప్పున 72,000 రూపాయలు. ఒక్కొక్కరి వాటా 7,200. 2023లో పెరిగిన వికలాంగుల ఆసరా పింఛను నెలకు 4,016. పింఛను మొత్తం సహాయకుడికే పెట్టినా చాలదు, తిండికి ఏమీ మిగలదు.

వికలాంగుల పునరావాసానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన దీన్‌దయాళ్ పథకం ప్రాజెక్టు ఖర్చులో 90 శాతం దాకా ఇస్తుంది. హక్కుల చట్టం కింద సంస్థ రిజిస్ట్రేషన్, స్వచ్ఛంద సంస్థలకు ఇచ్చే దర్పణ్ నంబరు, ఈ-అనుదాన్ పోర్టల్‌లో దరఖాస్తు, ఖర్చయ్యాక జీఎఫ్‌ఆర్ 12-ఏ ఫారంలో యూసీ (సొమ్ము వాడిన ధ్రువపత్రం) కావాలి. ఒక్క యూసీ ఆగినా తర్వాతి విడత ఆగుతుంది. అంతకంటే పెద్ద లోపం వేరే ఉంది: ఈ పథకం ప్రత్యేక పాఠశాలల వంటి పునరావాస పనుల కోసం అల్లినది. దానికి సరిపోయేలా మలుచుకుంటూ పోతే, మూడో ఏటికి మండలి బడిగా మారిపోతుంది. పైగా విడత ఆరు నెలలు ఆలస్యమైతే పై లెక్కన 4,32,000 చేతిలో ఉండాలి. సహాయకురాలు ఆరు నెలలు ఆగదు. ఇంకో ఇల్లు చూసుకుంటుంది.

సీఎస్‌ఆర్‌కు సీఎస్‌ఆర్-1 నమోదు ఫారం, 12ఏ, 80జీ, మూడేళ్ల పని రికార్డు కావాలి. కంపెనీలు తమ చుట్టుపక్కల ప్రాంతానికి మొదటి చోటు ఇవ్వాలని చట్టమే అంటుంది కాబట్టి గనులు, విద్యుత్ కేంద్రాలున్న రామగుండం, భూపాలపల్లి వైపు సంఘాలకు హనుమకొండ కన్నా ఇది దగ్గరి దారి. ట్రైసైకిళ్ల పంపిణీకి తొందరగా ఒప్పుకుంటారు, ఫొటో ఉంటుంది. జీతాలకు ఒప్పించడం కష్టం. ‘పరిపాలన ఖర్చు 5 శాతం దాటొద్దు’ అని ఎవరైనా కోత పెడితే, ఆ పరిమితి కంపెనీ సొంత సీఎస్‌ఆర్ నిర్వహణ ఖర్చుకే గానీ మీ ప్రాజెక్టులోని జీతాలకు కాదని మర్యాదగా చెప్పండి. విదేశీ నిధుల జోలికి మొదటి మూడేళ్లు పోనక్కర్లేదు, అర్హత కూడా మామూలుగా రాదు.

అందుకని సహాయకుల జీతానికి స్థానిక దాతల నెలవారీ విరాళాలు, వాడుకునేవాళ్ల చిన్న వాటా వేరే ఖాతాలో ఉంచాలి. ఆరు నెలల నిల్వ చేరాకే గ్రాంటుకు దరఖాస్తు పెట్టాలి. ఏ ఒక్క చోటి నుంచీ ఆదాయంలో సగం దాటి రాకుండా చూసుకోవాలి.

పరిపాలనకు అమెరికా అనుభవం కొంత పనికొస్తుంది. 1972లో బర్క్‌లీలో మొదలైన స్వతంత్ర జీవన కేంద్రాల బాటలో వచ్చిన చట్టం, కేంద్రం పాలకమండలిలో సగానికి మించి తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లే ఉండాలంటుంది. అక్కడి రాష్ట్ర స్థాయి మండలి ప్రణాళిక వేస్తుంది గానీ సేవలు స్వయంగా నడపకూడదు. ఇక్కడ రెండు సంస్థలు పెట్టే స్థోమత ఉండదు కాబట్టి బైలాస్‌లోనే గీత గీయాలి: జీతం తీసుకునేవాళ్లకు కార్యవర్గంలో ఓటు లేదు. సగానికి మించిన సంఖ్య జాబితాలో ఉంటే చాలదు; కోరం లెక్కలోనూ హాజరైనవాళ్లలో ఎక్కువమంది వికలాంగులు కావాలని రాయాలి. లేకుంటే మెట్లెక్కి రాగలిగినవాళ్లే తీర్మానాలు చేస్తారు. మేధో వైకల్యం ఉన్నవాళ్ల తల్లిదండ్రులకు విడి కోటా పెట్టాలి, వాళ్లను వికలాంగుల లెక్కలో కలపొద్దు. బధిర సభ్యుడున్న మీటింగుకు సైగల భాష అనువాదకుడు రాకపోతే మీటింగు వాయిదా. ఎన్నికకు కనీసం 90 రోజుల ముందు చేరినవాళ్లకే ఓటు.

చెక్కులకు ముగ్గురిలో ఇద్దరి సంతకం, అందులో ఒకరు వికలాంగులు. కోశాధికారి అంధుడైతే చెక్కుబుక్కు ఇవ్వలేమని బ్యాంకు కౌంటర్లో అనొచ్చు. చెక్కుబుక్కుతో సహా అన్ని సౌకర్యాలూ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2008లోనే బ్యాంకులకు సర్క్యులర్ పంపింది. దాని ప్రతి ఒకటి తీర్మానాల పుస్తకం వెనక అంటించి ఉంచుకోండి.