ఆర్సీ బుక్కా, పెన్సిల్ ప్రింటా?

గాజువాకలో ఓ షెడ్డు మూల మా బాబాయికి రాజ్‌దూత్ 350 దొరికింది. యమహా ఆర్‌డీ 350 ఆధారంగా మన దేశంలో ఎస్కార్ట్స్ కంపెనీ 1983 నుంచి తయారుచేసిన బండి అది. ఇప్పుడు అసలు రూపంలో దొరకడమే కష్టం.

దాని పుట్టుక తేల్చాలంటే ఆర్సీ బుక్ తేలిక. ఓనర్ల పేర్లు, తేదీలు ఒకేచోట ఉంటాయి. కానీ ఇంజన్ మార్చేసినా అందులో పాత నంబరే మిగిలి ఉండొచ్చు.

పెన్సిల్ ప్రింట్‌కి, అంటే బండి ఫ్రేమ్ మీద చెక్కిన నంబరుకి అచ్చు తీయడానికి, ఓపిక కావాలి. ఉప్పుగాలికి హ్యాండిల్ కింద ఫ్రేమ్ నంబరు తుప్పులో మునిగిపోయింది. కిరోసిన్ గుడ్డతో తుడిచాం. బాబాయి ఎమ్రీ పేపర్ తీస్తే నేనే ఆపాను, అంకెల అంచులు అరిగితే ఎవరో దిద్దారన్న అనుమానం వస్తుంది. పెన్సిల్ రుద్ది, సెల్లోటేప్ అంటించి లాగితే మూడోసారికి అంకెలన్నీ టేపు మీదకొచ్చాయి. దాన్ని తెల్లకాగితం మీద అంటించి తేదీ వేశాం.

నా ఓటు ప్రింట్‌కే. ఆర్సీని దాని పక్కన పెట్టి అంకె అంకె చూసుకోవాలి. ఈ బండిలో ఉన్న రెండు రకాల్లో ఇది 30.5 హార్స్‌పవర్ హైటార్కా, 27 హార్స్‌పవర్ లోటార్కా అన్న గొడవ ఆ తర్వాతే. అమ్మేవాళ్లకి ప్రతి బండీ హైటార్కే మరి!