మోయాడ్‌కా, ఎస్‌ఎఫ్‌మోమాకా? చేతిలో ఒక్క పూటే ఉంటే

శాన్‌ఫ్రాన్సిస్కోలో మిషన్ స్ట్రీట్, థర్డ్ స్ట్రీట్ కలిసే చోట రెండు మ్యూజియంలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ఆధునిక కళకు పేరుపడ్డ శాన్‌ఫ్రాన్సిస్కో మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్, అంటే ఎస్‌ఎఫ్‌మోమా. రెండోది 2005లో తెరిచిన మ్యూజియం ఆఫ్ ది ఆఫ్రికన్ డయాస్పోరా, అంటే మోయాడ్. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను మేమూ ముందు పెద్దదానికే తీసుకెళ్లాం. ఏడు అంతస్తుల గ్యాలరీలు! మూడో అంతస్తులో మొక్కల గోడ దగ్గర కూర్చున్న అమ్మ ఇక లేవనంది.

మోయాడ్ మరో వారం చూశాం. ఒక హోటల్ భవనంలో కింది మూడు అంతస్తులు, అంతే. అద్దాల వెనక ఆ మూడంతస్తుల ఎత్తున ఘనా దేశపు పిల్ల ముఖం వీధిలోకే కనిపిస్తుంది. ఛెస్టర్ హిగిన్స్ తీసిన ఫోటో అది. మెట్లెక్కి దగ్గరికి వెళ్లేసరికి ముఖం చెదిరిపోయి, రెండు వేలకు పైగా చిన్న ఫోటోలు మిగులుతాయి. చెంప అనుకున్న చోట ఎవరెవరివో ముఖాలు. అమ్మ కళ్లజోడు సవరించుకుని నాలుగు మెట్లు దిగి చూసింది, మళ్లీ ఎక్కి చూసింది. “ఎంతమంది కలిస్తే ఒక్క పిల్లయిందిరా!” అంది. మోకాళ్ల నొప్పి ఊసే ఎత్తలేదు.

ఆఫ్రికా నుంచి బానిసలుగానో, సిపాయిలుగానో, వలస వెళ్లో లోకమంతా చెదిరినవారి కళ ఇక్కడి విషయం. నాన్నకు వెంటనే హైదరాబాద్ ఏసీ గార్డ్స్ గుర్తొచ్చింది. నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ వల్లే కదా ఆ పేటకు ఆ పేరు!

మోయాడ్‌తో ఒక చిక్కుంది. అది మారుతూ ఉండే ప్రదర్శనల మీద నడుస్తుంది. ఫలానా బొమ్మ చూసి తీరాలి, ఉదాహరణకు టోపీ పెట్టుకున్న స్త్రీని ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ ఎలా గీశాడో చూడాలి అనుకుంటే ఎస్‌ఎఫ్‌మోమాకే వెళ్లాలి. అక్కడ 18 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ కూడా ఉండదు. పెద్దలకు మాత్రం మోయాడే బాగా చవక.

అసలు ఖర్చే వద్దంటే పక్క ఊరు ఓక్‌లాండ్‌లో ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం అండ్ లైబ్రరీ ఉంది. 1902 నాటి గ్రంథాలయ భవనం, ప్రవేశం ఉచితం. కానీ అక్కడ బలం చరిత్ర పత్రాలది, బొమ్మలది కాదు.

ఒక్క పూటే ఉంటే నా ఓటు మోయాడ్‌కే. రెండు గంటల్లో తీరిగ్గా చూడవచ్చు, చూసినవి గుర్తుంటాయి. రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు. బార్ట్ రైల్లో వస్తే మాంట్‌గమరీ స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే చాలు. మోయాడ్‌ను సోమ, మంగళవారాల్లో తెరవరు. ప్రదర్శనలు మారే రోజుల్లోనూ గ్యాలరీలు మూసి ఉండవచ్చు కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి కనుక్కోండి.