గదికి పదహారు వందలు, వేణువుకు నూట యాభై

విజయనగరం స్టేషను దగ్గర మేం దిగిన లాడ్జి పేరు రాయను గానీ, మెట్ల పక్కన దుమ్ము పట్టిన ప్లాస్టిక్ పూలు కనిపిస్తే మాత్రం వెనక్కి తిరగండి. ఏసీ గది అని 1,600 తీసుకున్నారు. ఏసీ రాత్రంతా మోగింది, గది చల్లబడలేదు. అడిగితే కౌంటర్లో కుర్రాడు "కాస్త టైము పడుతుంది సార్" అన్నాడు. తెల్లవారే దాకా ఆ టైము రాలేదు. బకెట్టు వేడినీళ్లకు 40 రూపాయలు వేరే. ఖాళీ చేసేటప్పుడు తువ్వాలు మీద మరక ఉందని ఇంకో 100 పట్టుకున్నారు. ఆ మరక మాకంటే ముందునుంచే అక్కడ కాపురం ఉంటోంది. లాడ్జి వెతికింది నేను కాబట్టి మా బావ పొద్దుటినుంచి నాతో మాట్లాడటం మానేశాడు.

కోట, గంటస్తంభం, రామతీర్థం ముందురోజే హాయిగా చూసేశాం.

అసలు బాధ వేరే. కిటికీలో ఎండ తగిలే చోట పెట్టిన నా అయిదు శ్రుతి (ఆధార స్వరం స్థాయి) వేణువు నెర్రె విచ్చింది. ఈ ఒక్క తప్పు నాదే, లాడ్జి మీద వేయను. ఊదితే స్వరానికి బదులు బుస్సుమని గాలి. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాలుగా ఉన్న ఊళ్లో వేణువుకు వైద్యం దొరక్కపోతుందా అని, 1919 నాటి ఆ కళాశాల గేటు దగ్గర వయొలిన్ పెట్టెతో టీ తాగుతున్న ఓ విద్యార్థిని అడిగాను. ఆ అబ్బాయి టీ సగంలో వదిలేసి మాతోపాటు ఆటో ఎక్కాడు. ఆటోకు 60, అది కూడా అతనే ఇవ్వబోయాడు.

వేణువులు చేసే పెద్దాయన అరుగు మీదే పని చేసుకుంటున్నారు. నా వేణువు అందుకుని ముందు ఊదలేదు, చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటారు. పగులు ఎంతవరకు పోయిందో చప్పుడులోనే తెలుస్తుందట. నెర్రెలో జిగురు నింపి, సందు లేకుండా దారం బిగించి చుట్టారు. ఆరేలోపు పంచమం (‘ప’ స్వరం) కాస్త కిందికి ఉందని కనిపెట్టి, సన్నటి చాకుతో ఆ రంధ్రం అంచు రెండుసార్లు గీశారు. ఊదారు. ఇంకొక్కసారి గీశారు. "రంధ్రం పెరిగితే స్వరం పైకి పోతుంది బాబూ. ఎక్కువ గీస్తే మళ్లీ మైనం అద్దుకుంటూ కూర్చోవాలి." పదకొండేళ్లుగా ఆ పంచమాన్ని నేను పెదవులతో సర్దుకుంటూ వస్తున్నాను, తప్పు నాదే అనుకుని!

ఈలోగా వేణువు నేర్చుకునే మరో ఇద్దరు వచ్చారు. ముక్కూ మొహం తెలియని నాకు ఒకతను తన వేణువు ఇచ్చి "ఖాళీగా కూర్చోవడం ఎందుకు, వాయించండి" అన్నాడు. ఘంటసాల ఈ ఊళ్లో సంగీతం చదువుకుంటూ మధుకరం చేసుకుని, అంటే ఇల్లిల్లూ తిరిగి అన్నం అడుక్కుని తిన్నారని వినే ఉంటారు. పెట్టే అలవాటు ఇంకా పోలేదు: లోపలినుంచి అందరికీ ఉప్మా వచ్చింది.

మా మేనల్లుడు విదేశం నుంచి పంపిన చేతితో చేసిన రేకు విజిల్ సంచిలో ఉంటే చూపించాను. ఇలాంటివి ఇంగ్లండులో 1843 నుంచీ చేస్తున్నారు. ఆరు రంధ్రాలు, మూతి దగ్గర చెక్క బిరడా. పెద్దాయన బిరడా పక్కన గాలి పోయే చీలికను వెలుతురుకెత్తి చాలాసేపు చూశారు. "పెదవి చేసే పని ఈ బిరడా చేస్తోంది. చేసినవాడు ఓపికమంతుడు" అన్నారు.

అంతా కలిపి 150 అడిగారు. నేను 500 ఇస్తే 350 తిరిగి చేతిలో పెట్టారు. దానికి 550 కలిపి ఇంకో వేణువు కొన్నాను. జాతరలో కర్రల్లాంటి 100 రూపాయల వేణువులు కొనేవాళ్లు కనీసం ఏడు స్వరాలూ ఊదించి చూసి కొనండి. ఎండలో మాత్రం పెట్టకండి.

మా బావ అప్పటికి నోరు విప్పాడు, ఆ విజిల్ ఇవ్వమని. శ్రీకాకుళం బస్సు ఎక్కాక కూడా ఊదుతూనే ఉన్నాడు. కండక్టరు రెండుసార్లు తిరిగి చూశాడు.