పెరట్లో రూప్‌చంద్, కంకరలో బచ్చలి: 500 లీటర్ల ఆక్వాపోనిక్స్ అమరికతో పది నెలలు

పెందుర్తిలోని మా ఇంటి పెరట్లో గత జూలైలో ఒక ఆక్వాపోనిక్స్ అమరికను, అంటే చేపల తొట్టి నీటితోనే మట్టి లేకుండా మొక్కలను పెంచే ఏర్పాటును, పెట్టించుకున్నాను. విశాఖలోని ఒక దుకాణం వారు 500 లీటర్ల ఫైబర్ తొట్టి, అడుగు లోతున్న రెండు కంకర మడులు, నీటి మోటారు, గాలి పంపు, 60 రూప్‌చంద్ చేపపిల్లలు కలిపి 28,000 రూపాయలకు ఇచ్చారు. పది నెలల వాడకం తరువాత నా అభిప్రాయం ఇది: సామాను మంచిది, దాన్ని అమ్మిన పద్ధతి మాత్రం చేపలకు ప్రాణాంతకమైనది.

సామానులో నాకు బాగా నచ్చింది బెల్ సైఫన్, అంటే మడి నిండగానే నీటిని దానంతట అదే దింపేసే గొట్టం. తొట్టిలోని నీరు మోటారు ద్వారా మడిలోకి చేరి, కంకర పైభాగానికి రెండు అంగుళాల దిగువ వరకు నిండగానే గుడగుడమంటూ ఒక్కసారిగా తొట్టిలోకి దిగిపోతుంది. నీరు దిగిన ప్రతిసారీ వేళ్లకు గాలి అందుతుంది. తిరిగే భాగం ఏదీ లేని ఈ గొట్టం ఇంతవరకు ఒక్కసారి కూడా మొరాయించలేదు. వారిచ్చిన నల్లరాతి కంకర మీద వెనిగర్ పోసి చూస్తే నురగ రాలేదు. సున్నం ఉన్న రాయి అయితే నురగ వచ్చేది, నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) కూడా పెరుగుతూ పోయేది. మేడ మీద పెట్టుకోదలచినవారు మాత్రం ఇంజనీరును అడగకుండా ముందుకు వెళ్లవద్దు, ఎందుకంటే తొట్టిలోని నీరే అర టన్ను, కంకర బరువు దానికి అదనం.

అసలు లోపం మొదటి రోజే జరిగింది. తొట్టి బిగించిన సాయంత్రమే చేపపిల్లలను వదిలి వెళ్లిపోయారు. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైటుగా, మరొక రకం దానిని నైట్రేటుగా మారుస్తాయి. మొక్కలు తినేది ముఖ్యంగా ఆ నైట్రేటునే. ఈ బాక్టీరియా కంకరను పట్టుకొని స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు, పరీక్ష కిట్టు కూడా ఇవ్వలేదు. తొమ్మిదో రోజు ఉదయం చేపలు మేత ముట్టకుండా, మొప్పలు ఎర్రబడి, నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ కనిపించాయి. నేను కొని తెచ్చిన కిట్టులో అమ్మోనియా 4 పీపీఎం (లీటరుకు 4 మిల్లీగ్రాములు), పీహెచ్ 8 చూపించింది. మన వాతావరణంలో ఇది మరీ ప్రమాదం: నీరు 30 డిగ్రీలు, పీహెచ్ 8 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో సుమారు 7 శాతం విషరూపంలో ఉంటుంది, అదే పీహెచ్ 7 అయితే ఒక శాతం కూడా ఉండదు. మేత ఆపి, క్లోరిన్ పోయేలా ఒక రోజు గాలి కొట్టి ఉంచిన కుళాయి నీటితో రోజూ మూడో వంతు మార్చినా 23 పిల్లలు చనిపోయాయి. ఆ వారం నేను పడిన బాధ పూర్తిగా నివారించదగినది.

500 లీటర్లకు 60 చేపలు ఇవ్వడం కూడా తప్పే. మిగిలిన 37లో 12 పక్కింటివారి చెరువుకు ఇచ్చి, 25 మాత్రమే ఉంచుకున్నాను. మార్చిలో పట్టిన పది చేపలు ఒక్కొక్కటి దాదాపు 400 గ్రాములు తూగాయి. ముందు రోజు మేత ఆపడం వల్ల కాబోలు, పులుసులో బురద వాసన లేదు.

మడులలో బచ్చలి, తోటకూర, గోంగూర విరివిగా వచ్చాయి. కొత్తిమీర ఎండకు త్వరగా పూతకు వచ్చేసింది. డిసెంబరులో పాలకూర లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా మిగలడంతో ఇనుము లోపమని గుర్తించి, చీలేటెడ్ ఇనుము (మొక్కలు తేలిగ్గా పీల్చుకునే రూపంలోని ఇనుము) కలిపాను. చేపల మేతలో ఇనుము మొక్కలకు సరిపడా ఉండదు.

ఇక గాలి పంపుకు బ్యాటరీ లేకపోవడం రెండో పెద్ద లోపం. 20 డిగ్రీల నీరు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకోగలిగితే, 30 డిగ్రీల నీరు ఏడున్నరకు మించి పట్టుకోలేదు. ఏప్రిల్‌లో ఒక రాత్రి రెండు గంటలు కరెంటు పోయినప్పుడు మగ్గుతో నీటిని ఎత్తి పోస్తూ కూర్చున్నాము. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తరువాత రోజుల తరబడి చీకట్లో గడిపిన ఈ ఊరిలో బ్యాటరీ పంపు లేకుండా ఇలాంటి అమరికను అమ్మనే కూడదు.

రెండో తొట్టికి కూడా నేను ఆ దుకాణానికే వెళ్లాను, ఎందుకంటే వారి పనితనం గట్టిది. ఈసారి బ్యాటరీ పంపును, పరీక్ష కిట్టును ధరలో కలిపించి, 25 చేపపిల్లలను అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చిన తరువాతే తెచ్చి ఇస్తామని రసీదు మీద రాయించుకున్నాను.