పెద్ద డిస్కులు వేయించి, జానెడు పైపు వదిలేశాను

మా బండికి బ్రేకులు మార్పించి రెండేళ్లు దాటింది. ఈ రెండేళ్లలో 30 వేల కిలోమీటర్ల దాకా తిరిగింది. కొత్తలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ "గోడ అడ్డం వచ్చినట్టు ఆగుతోంది" అని చెప్పుకున్నాను. ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. దానికన్నా ముందు ఒక రబ్బరు పైపు మీదున్న కోపం వెళ్లగక్కాలి.

15 ఏళ్ల పాత ఎస్‌యూవీ. ముందు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ము బ్రేకులు. నిండా మనుషులు, పైన సామాను వేసుకుని ఘాట్ రోడ్డు దిగుతుంటే సగం దారికల్లా కాలిన వాసన వచ్చేది. పెడల్ గట్టిగానే ఉండేది, బండి మాత్రం ఎంత తొక్కినా తాపీగా ఆగేది. డిస్కును రెండు వైపులా నొక్కే ప్యాడ్లు వేడెక్కి పట్టు వదిలేస్తే ఇలాగే ఉంటుంది. అదే పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతే బ్రేక్ ఆయిల్ మరిగిందని అర్థం. నాది మొదటి రకం. అందుకని ఇదే బండి తర్వాతి మోడల్‌కి వచ్చే పెద్ద డిస్కులు, రెండు పిస్టన్ల కాలిపర్లు (ఆయిల్ ఒత్తిడితో ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలు), కొత్త ప్యాడ్లు వేయించాను. చిల్లులున్న డిస్కుల జోలికి పోలేదు. అవి చూడ్డానికి బాగుంటాయి, కానీ బాగా వేడెక్కే వాడకంలో ఆ చిల్లుల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి.

కాలిపర్లకు ఆయిల్ అందించే పాత రబ్బరు పైపుల సంగతి అడిగితే మెకానిక్ వంచి చూశాడు. "ఎక్కడా పగుల్లేదండీ, లీకు లేదు, దండగ ఖర్చెందుకు?" అన్నాడు. నాకూ సబబే అనిపించింది. అంత ఖర్చు పెట్టినవాణ్ణి, పొదుపు చేయడానికి నాకు ఆ జానెడు పైపులే దొరికాయి.

ఎనిమిది నెలలు హాయిగా గడిచాయి. తర్వాత ఒక రోజు బండి బరువుగా నడుస్తున్నట్టు అనిపించింది. యాక్సిలరేటర్ వదిలితే దొర్లాల్సినంత దూరం దొర్లడం లేదు. బ్రేకు వదిలాక కూడా కొద్దిగా ఎడమకు లాగుతోంది. ఆపి దిగితే ముందు ఎడమ చక్రం దగ్గర సెగ, వాసన. అరగంట ఆగి బయల్దేరితే ఏమీ ఎరగనట్టు మామూలుగా నడిచింది. ఇలాంటి జబ్బులే విసిగిస్తాయి. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేసరికి బండి బుద్ధిమంతురాలైపోతుంది.

అనుమానం కొత్త కాలిపర్ మీదకే పోయింది. కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్నులు ఊడదీసి శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు పెట్టారు (మామూలు గ్రీజు పెడితే వాటి రబ్బరు తొడుగులు ఉబ్బుతాయి). వారం బాగుంది, మళ్లీ పట్టేసింది. కాలిపరే మార్చారు. పది రోజులు బాగుంది, మళ్లీ అదే కథ. రెండోసారి బిల్లు కట్టి వస్తూ ఇంకెవరి దగ్గరికీ వెళ్లకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఆదివారం ఇంటి దగ్గరే వెనక చక్రాలకు అడ్డం పెట్టి, ముందు భాగాన్ని జాకీతో లేపి స్టాండు మీద నిలబెట్టాను. మా అబ్బాయిని కూర్చోబెట్టి ఇంజిన్ ఆన్‌లో బ్రేకు నాలుగుసార్లు గట్టిగా తొక్కి వదలమన్నాను. ఎడమ చక్రం రెండు చేతులతో తిప్పినా కదల్లేదు. కాలిపర్ మీదున్న బ్లీడర్ నిపిల్‌ని (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మూతని) స్పానర్‌తో పావు చుట్టు వదులు చేశాను. ఆయిల్ చివ్వున చిమ్మింది, చక్రం గిర్రున తిరిగింది. అంటే పిన్నుల తప్పూ కాదు, పిస్టన్ తప్పూ కాదు, ఆయిల్ ఒత్తిడే లోపల ఇరుక్కుపోయింది. కానీ ఎక్కడ? నిపిల్ బిగించి మళ్లీ తొక్కించాను, మళ్లీ పట్టేసింది. ఈసారి మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసేది) నుంచి వచ్చే ఇనప పైపు రబ్బరు పైపును కలిసే చోట నట్టు వదులు చేశాను. నాలుగు చుక్కలు కారాయి. చక్రం మాత్రం బిగుసుకునే ఉంది. పైనుంచి రావాల్సిన ఒత్తిడేమీ మిగల్లేదు, అయినా కింద పట్టు వీడలేదు. మధ్యలో ఉన్నది ఆ జానెడు పైపే.

ఊడదీసి బ్లేడుతో నిలువునా కోశాను. పైన నిగనిగలాడుతోంది. లోపలి పొర మాత్రం ఒక చోట ఊడి నాలుకలా వేలాడుతోంది. కాలితో తొక్కినప్పుడు ఆ ఒత్తిడికి ఆయిల్ ఎలాగో దారి చేసుకుని కాలిపర్‌లోకి వెళ్తుంది. వెనక్కి రావడానికి మాత్రం తోసేవాడు లేడు. ఆ నాలుక అడ్డం పడుతుంది. నెమ్మదిగా ఊరి వెనక్కి రావడానికి అరగంట. వంచి చూస్తే కనబడే జబ్బు కాదిది.

వెనక యాక్సిల్ మీదిదాంతో సహా అన్ని పైపులూ మార్చేశాం. స్టీలు అల్లిక ఉన్నవి వేయించాను. ఆయిల్ మొత్తం తీసి కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ పోసి, పైపుల్లో గాలి తీశాం. ఆ సాయంత్రం బండి తీస్తే పెడల్ కాలికింద రాయిలా అనిపించింది. ఎంత తొక్కితే అంత పట్టు. డిస్కులు వేయించిన రోజు కూడా అంత సంబరపడలేదు. తర్వాత నిదానంగా ఆలోచిస్తే అందులో అల్లిక గొప్పతనం ఎంతో, కొత్త ఆయిల్ గొప్పతనం ఎంతో చెప్పలేను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4కి మరిగే వేడి కనీసం 230 డిగ్రీలు ఉండాలి, తేమ పట్టాక అది 155 దాకా పడిపోవచ్చు. నేను అంతకుముందు ఎప్పుడు మార్పించానో గుర్తే లేదు. పైగా ఈ స్టీలు పైపు ఎక్కడైనా రాసుకుంటే పక్కనున్నదాన్ని రంపంలా కోసేస్తుంది. మళ్లీ మార్చాల్సి వస్తే బహుశా కంపెనీ రబ్బరు పైపులే వేయిస్తాను.

ఇక "గోడ" సంగతి. డిస్కులు వేయించిన నెలలోనే టైర్లు కూడా మార్చాను. ఆ విషయం అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి గట్టిగా తొక్కినప్పుడు పాత బ్రేకులు కూడా ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) కొట్టుకునేంత పట్టేవి. అక్కడినుంచి ఎంత దూరంలో ఆగాలో తేల్చేది టైరే. పెద్ద డిస్కుల విలువ అయిదోసారీ పదోసారీ తొక్కినప్పుడు తెలుస్తుంది. 80లో ఉన్న బండిని ఆపితే పుట్టే వేడి 40లో ఆపినదానికి నాలుగింతలు. దిగుడులో అది పోగవుతూనే ఉంటుంది. ఇప్పుడు అదే ఘాట్ దిగినా వాసన లేదు. చిన్న గేరులో దిగడం మాత్రం మానలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. రిమ్ముల మీద నల్లటి పొడి, చలి ఉదయాల్లో మొదటి రెండు బ్రేకులకు కీచుమనే చప్పుడు. పాత స్టెప్నీ 15 అంగుళాల రిమ్ము, అది కొత్త కాలిపర్ మీద పట్టదు. అదృష్టం బాగుండి ఇంటి దగ్గరే చూసుకున్నాను, రోడ్డు మీద పంక్చరై తెలిసుంటే పరువు పోయేది.

మాది నెలకోసారైనా కొండ ఎక్కి దిగే కుటుంబం కాబట్టి నాకు ఖర్చు గిట్టుబాటైనట్టే ఉంది. ఒక్కరే కూర్చుని ఊళ్లో తిరిగే బండైతే నేను ముందు పైపులు, ఆయిల్, మంచి ప్యాడ్లు, వెనక డ్రమ్ముల అడ్జస్ట్‌మెంట్ చూసుకుని ఆగేవాణ్ణేమో. పెద్ద పిస్టన్లకు ఆయిల్ ఎక్కువ కావాలి కదా, పెడల్ మునుపటికన్నా ఒక అర అంగుళం కిందికి వెళ్తోంది. మాస్టర్ సిలిండర్ పెద్దది వేయిస్తే సరిపోతుందంటున్నారు, అప్పుడు మరింత బలంగా తొక్కాల్సి వస్తుందనీ అంటున్నారు. బండి ఎక్కువగా నడిపేది మా ఆవిడ. "ఇప్పుడు బాగానే ఉంది కదా, వదిలెయ్యండి" అంటోంది. ఉన్న సిలిండర్ సీళ్లు కూడా 15 ఏళ్లవే. అవి కారడం మొదలుపెట్టినప్పుడు చూద్దామని ఊరుకున్నాను.