సినిమా చదువు: చూడడమా, తీయడమా, రెండూ కలిపా?

ఇంటర్ ఫలితాలు వచ్చాక తిరుపతిలో నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే. "మావాడు సినిమా చదువుతానంటున్నాడు సార్, ఎక్కడ చేర్చమంటారు?" మొన్న ఒక తండ్రి ఇంకాస్త సూటిగా అడిగారు. "తీయడం నేర్పిస్తే సరే. సినిమా చూడడం నేర్పడానికి కూడా ఫీజు కట్టాలా?"

మంచి ప్రశ్న. నేను డిప్లొమాలో తీయడమే నేర్చుకున్నాను, ఇప్పుడు ఇక్కడే ఎడిటింగ్ చేస్తున్నాను. ఆయన ప్రశ్నకు జవాబు నాకు ఆలస్యంగా దొరికింది.

నా మొదటి ప్రాజెక్టు మూడు నిమిషాలది. తెల్లవారుజామున బస్టాండులో కొడుకు కోసం ఎదురుచూసే తల్లి. కొడుకు బస్సు దిగుతాడు, ఇద్దరూ కలుసుకుంటారు, అంతే కథ. వెలుతురు బాగుంది, ఫోకస్ ఎక్కడా పోలేదు. తీరా ఎడిటింగ్‌లో చూస్తే తల్లీ కుడివైపే చూస్తోంది, కొడుకూ కుడివైపే చూస్తున్నాడు. ఎదురెదురుగా ఉన్న మనుషులు ఒకరి వీపు ఒకరు చూస్తున్నట్టు ఉంది. సబ్మిట్ చేస్తే "లైన్ క్రాస్ అయింది" అని రాసి మార్కులు వేశారు. అంటే ఇద్దరి మధ్య ఊహించుకునే గీతను దాటి కెమెరా అవతలి వైపుకి వెళ్ళిందని. క్లాసులో దాని గురించి ఒక్క నిమిషం కూడా మాట్లాడలేదు. మర్నాడు లైటింగ్ ప్రాక్టికల్ మొదలైపోయింది.

ఫిల్మ్ స్టడీస్‌లో, అంటే సినిమాలను చూసి విశ్లేషించే చదువులో, ఎమ్మే చేస్తున్న స్నేహితుడికి ఆ వీడియో చూపించాను. వాడు లైన్ ఊసే ఎత్తలేదు. "ఈ సీను ఎవరిదిరా? తల్లిదా, కొడుకుదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇద్దరం కూర్చుని ఆపి ఆపి లెక్కపెట్టాం. మొత్తం 14 షాట్లు, అందులో 9 కొడుకు వైపు నుంచే. ఎదురుచూసింది తల్లి, నేను కెమెరా పెట్టింది మాత్రం వచ్చేవాడి పక్కన. నెల తర్వాత మళ్ళీ తీశాను, ఈసారి మూడే షాట్లు. కెమెరా తల్లిని వదల్లేదు. బస్సు చప్పుడు వినిపిస్తుంది, ఆమె లేచి నిలబడుతుంది, పక్కన బెంచీ మీద ఒక బ్యాగు వచ్చి పడుతుంది, "అమ్మా" అని గొంతు. లైన్ సమస్య దానంతట అదే పోయింది.

అలాగని ఒట్టి విశ్లేషణ కోర్సే మేలని చెప్పను. హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) లాంటి చోట్ల ఫిల్మ్ స్టడీస్ గట్టి చదువు. పరిశోధన వైపు, రాత వైపు, బోధన వైపు వెళ్ళేవాళ్ళకు అదే సరైన దారి. కానీ చేతిలో కెమెరా పట్టని విశ్లేషకుడికి ఒక ఇబ్బంది ఉంటుంది. తెర మీద కనిపించే ప్రతిదీ దర్శకుడు కావాలని పెట్టిందే అనుకుంటాడు. నా స్నేహితుడు ఒక సీన్లో నీడల గురించి నాలుగు పేజీలు రాశాడు. తర్వాత నాతో ఒక సాయంత్రం షూటింగ్‌కి వచ్చాడు. పొద్దుగూకుతుంటే పది నిమిషాల్లో మొహాల మీద వెలుతురు ఎంత మారిపోతుందో కళ్ళారా చూసి, ఆ వ్యాసం మళ్ళీ రాస్తానన్నాడు.

కాబట్టి నా ఓటు రెండూ కలిపి నేర్పే చదువుకే. ఇది కొత్త పద్ధతేం కాదు. 1919లో మాస్కోలో ఫిల్మ్ స్కూలు మొదలైనప్పుడు ముడి ఫిల్మ్‌కు విపరీతమైన కరువు. అక్కడ పాఠాలు చెప్పిన దర్శకుడు కులెషోవ్ దగ్గర చేరినవాళ్ళు ఫిల్మ్ లేకుండానే సీన్లు కూర్చి ప్రదర్శించేవాళ్ళు. వేరేవాళ్ళ సినిమాలను షాటు షాటుగా విడదీసి చదివేవాళ్ళు. సత్యజిత్ రాయ్ ఏ ఫిల్మ్ స్కూల్లోనూ చదవలేదు. 1947లో కలకత్తాలో ఫిల్మ్ సొసైటీ పెట్టినవాళ్ళలో ఆయన ఒకరు. ఎవరైనా ఫలానా కథను సినిమాగా తీస్తున్నారని తెలిస్తే, ముందే తన స్క్రీన్‌ప్లే తాను రాసుకుని, విడుదలయ్యాక పక్కపక్కన పెట్టి చూసుకునేవారు. చూడడం, తీయడం ఆయనకు ఒకే సాధన.

అయితే సిలబస్‌లో రెండూ ఉంటే సరిపోదు. సోమవారం సినిమా చరిత్ర మీద పరీక్ష, శుక్రవారం కెమెరా ప్రాక్టికల్, ఈ రెండింటికీ సంబంధమే లేకపోతే అవి రెండు విడివిడి కోర్సులు. చూడాల్సింది ఒకటే: విద్యార్థి తీసింది క్లాసులో అందరి ముందు వేసి, ఆపి ఆపి మాట్లాడే గంట టైంటేబుల్లో ఉందా? మాట్లాడాక మళ్ళీ తీసే అవకాశం ఇస్తారా? కాలేజీ చూడడానికి వెళ్ళినప్పుడు స్టూడియో, కెమెరాలు అన్నీ చూపిస్తారు. అవి చూసి, బయట క్యాంటీన్లో ఒక సెకండియర్ విద్యార్థిని పట్టుకుని "నువ్వు తీసినదాని గురించి క్లాసులో ఎంతసేపు మాట్లాడారు?" అని అడగండి. మార్కుల షీటు చూపిస్తే ఆలోచించుకోవాలి. గొడవైన ఒక షాటు గురించి చెప్పడం మొదలుపెడితే ధైర్యంగా చేర్చవచ్చు.

పుణెలోని ఎఫ్‌టీఐఐకి (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా) అంత మంచి పేరు ఊరికే రాలేదు. 1960లో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో పెట్టారు. 1964 నుంచి అదే ఊళ్ళో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ కూడా ఉంది. పొద్దున తీసేవాడు సాయంత్రం ప్రపంచ సినిమా చూడగల చోటు అది. కలకత్తాలో 1995లో వచ్చిన సత్యజిత్ రాయ్ ఇన్‌స్టిట్యూట్ కూడా అదే కోవలోది. కానీ ఈ రెండు చోట్లా డైరెక్షన్, ఎడిటింగ్, కెమెరా లాంటి మూడేళ్ళ కోర్సులకు ముందు డిగ్రీ ఉండాలి. ఇంటర్ కాగానే కుదరదు.

అందుకే మన చిత్తూరు, తిరుపతి పిల్లలకు నేను ముందు చెప్పేది చెన్నైలో విజువల్ కమ్యూనికేషన్ డిగ్రీ. అక్కడందరూ విస్కామ్ అంటారు, లయోలా లాంటి కాలేజీల్లో ఉంది. రాయడం, ఫొటోగ్రఫీ, వీడియో అన్నీ కొంచెం కొంచెంగా తగులుతాయి. తిరుపతి నుంచి సుమారు 140 కిలోమీటర్లు, శనివారం బస్సెక్కితే ఇంటికొచ్చి తిని వెళ్ళొచ్చు. మూడేళ్ళ తర్వాత పుణె ప్రవేశ పరీక్ష రాయాలో వద్దో వాళ్ళకే తెలుస్తుంది. తెలుగు వాతావరణమే కావాలంటే హైదరాబాద్‌లో అన్నపూర్ణ వాళ్ళ కాలేజీ ఉంది. ఖర్చు ముందే కనుక్కోండి.

ఆన్‌లైన్ కోర్సులు సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి బాగుంటాయి. అసిస్టెంట్ డైరెక్టరుగా నేరుగా చేరడం డిగ్రీ అయ్యాక చూసుకోవచ్చు.

ఆ తండ్రి కొడుక్కి నేనొక పని చెప్పాను. నచ్చిన సీను ఒకటి సౌండు తీసేసి చూడు, షాట్లు రాసుకో, అదే సీను మీ ఇంట్లో ఫోనుతో తియ్యి. వారం తర్వాత ఇద్దరూ వచ్చారు. వంటింటి గుమ్మంలోంచి వాళ్ళమ్మను తీశాడు. క్లిప్ నడుస్తుండగా తండ్రే ఆపమన్నారు. "ఇక్కడ మీ అమ్మ మొహం ఎందుకు చూపించలేదురా?" ఆ అబ్బాయి చెప్పడం మొదలుపెట్టాడు, ఆయన వింటూ కూర్చున్నారు.

వచ్చే వారం చెన్నైలో రెండు కాలేజీలు చూడడానికి వెళ్తున్నారు. క్యాంటీన్ సంగతి మరీ మరీ చెప్పి పంపాను.