కత్తిరించిన కూపన్ల కొనుగోలు, అమ్మకం: ఆరేళ్ల వాడకం తరువాత

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో కాపురం పెట్టిన కొత్తలో, ఆదివారం పత్రిక మధ్యలో మడిచి వచ్చే రంగు కాగితాలను నేను చూడకుండానే పారవేసేదాన్ని. డిటర్జెంటు, డైపర్లు, టూత్‌పేస్టు వంటి వాటిపై తయారీ సంస్థలు ఇచ్చే కూపన్లు, అంటే దుకాణంలో చూపితే ధర తగ్గించే చీటీలు, వాటిలోనే ఉంటాయనీ, ఒకే రకం కూపన్లను పదీ ఇరవై చొప్పున కత్తిరించి, డబ్బు తీసుకుని పోస్టులో పంపేవారు ఉన్నారనీ 2018లో మా వదిన చెప్పారు. అప్పటి నుంచి 2024 వరకు ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైటులోనూ, ఇదే పని చేసే చిన్న సైట్లలోనూ కొన్నాను. అందులో రెండేళ్లు అమ్మాను కూడా.

నాకు నిజంగా మేలు జరిగింది డైపర్ల దగ్గర. రెండో పాప పుట్టినప్పుడు, ప్యాకెట్టుకు 2 డాలర్లు తగ్గించే కూపన్లు ఐదు, ఒక్కొక్కటి 20 సెంట్లకు తెప్పించుకున్నాను. పోస్టు ఖర్చు 75 సెంట్లతో కలిపి నాకు పడింది 1.75 డాలర్లు, మిగిలింది 8.25 డాలర్లు. ఒక్కసారికి ఒకే రకం కూపన్లు నాలుగుకు మించి చెల్లవని వాటి మీదే అచ్చు వేసి ఉండటంతో దుకాణానికి రెండుసార్లు వెళ్లవలసి వచ్చింది. పాపకు సరిపడే డైపరు అదొక్కటే కాబట్టి, కూపన్ లేకపోయినా ఆ ప్యాకెట్లు ఎలాగూ కొనేవాళ్లం. ఈ లెక్క ఇతర సరుకులకు కుదరలేదు. పొద్దున పాలలో వేసుకుని తినే సీరియల్ రెండు పెట్టెలు కొంటే 50 సెంట్లు తగ్గించే కూపన్‌ను 10 సెంట్లకు కొని పోస్టు ఖర్చు కట్టిన రోజులు ఉన్నాయి. వాటిలో నాకు మిగిలినదేమీ లేదు. కూపన్ పోగా పేరున్న కంపెనీ సరుకు పడే ధర కంటే, దుకాణం సొంత పేరుతో అమ్మే సరుకు ధర తక్కువగా ఉండటం కూడా చాలాసార్లు చూశాను.

మన వంటింటి సంగతి వేరుగా చెప్పాలి. మా నెలసరి ఖర్చులో పెద్ద వాటా సోనా మసూరి బియ్యానిది, కందిపప్పుది, నూనెది, కూరగాయలది. ఓక్ ట్రీ రోడ్డు మీద భారతీయ దుకాణాల్లో కొనే ఈ సరుకులకు ఆదివారం పత్రికలో కూపన్ ఉండదు. అందుచేత అమెరికన్ కుటుంబాలు చెప్పే పొదుపును చూసి అంతే మనకూ మిగులుతుందని ఆశించడం సరికాదు. పన్ను కూడా గుర్తుంచుకోవాలి. న్యూజెర్సీలో డిటర్జెంటుపై 6.625 శాతం అమ్మకపు పన్ను ఉంది. తయారీ సంస్థ కూపన్ ఇచ్చినప్పుడు, ఆ మొత్తం దుకాణానికి తరువాత ముడుతుంది కనుక, పన్నును పూర్తి ధర మీదే వేస్తారు. 12 డాలర్ల సీసాను 3 డాలర్ల కూపన్‌తో కొన్నా పన్ను 80 సెంట్లు కట్టాల్సిందే.

కూపన్ మీద చిన్న అక్షరాలతో ఉండే మాటను మొదటి ఏడాది నేను పట్టించుకోలేదు: అమ్మినా, వేరొకరికి బదిలీ చేసినా, నకలు తీసినా చెల్లదని అందులో ఉంటుంది. తాము అమ్మేది కూపన్‌ను కాదనీ, దాన్ని వెతికి కత్తిరించినందుకు కూలి తీసుకుంటున్నామనీ అమ్మేవారు రాసుకుంటారు. నేనూ అలాగే రాశాను. కానీ అలా రాసినంత మాత్రాన ఆ షరతు తొలగిపోదని ఇప్పుడు నా అభిప్రాయం.

దీనికి తోడు నకిలీల బెడద ఉంది. ఒకసారి ఒక అమ్మకందారు పంపిన కూపన్లను కౌంటరు దగ్గర యంత్రం తీసుకోలేదు. మేనేజరు వచ్చి వాటిని పరిశీలించి తిప్పి ఇచ్చేసినప్పుడు, వెనుక వరుసలో జనం చూస్తుండగా పాపను ఎత్తుకుని నిలబడిన నాకు చాలా బాధ కలిగింది. ఇంటికి వచ్చి చూస్తే వాటి వెనుక పక్క ఖాళీ తెల్ల కాగితం. పత్రికతో వచ్చే కూపన్ కాగితం పలుచగా ఉండి, వెనుక వైపున వేరే ప్రకటన ముక్క కనబడుతుంది. సరుకు పూర్తిగా ఉచితమని చెప్పే కూపన్ అమ్మకానికి కనిపిస్తే దాని జోలికి పోకపోవడమే క్షేమం. ఇది చిన్న విషయం కాదు, 3.1 కోట్ల డాలర్లకు పైగా నష్టం కలిగించిన నకిలీ కూపన్ల కేసులో వర్జీనియా బీచ్‌కు చెందిన ఒక మహిళకు 2021లో 12 ఏళ్ల జైలు శిక్ష పడింది.

అమ్మకంలో నాకు మిగిలింది తక్కువ. నాలుగు పత్రికలు కొని, శనివారం రాత్రి పిల్లలు నిద్రపోయాక కత్తిరించి, గడువు తేదీల వారీగా కవర్లలో పెట్టేదాన్ని. పత్రికల ధర, కవర్లు, సైటు వాటా పోగా గంటకు రెండు మూడు డాలర్లకు మించి మిగలలేదు. 2019లో 55 సెంట్లు ఉన్న తపాలా బిళ్ల 2024 జూలైలో 73 సెంట్లకు చేరాక ఆ కొద్దిపాటి మిగులూ పోయింది, అమ్మకం మానేశాను.

ఇప్పుడు దుకాణం యాప్‌లో ఖాతాకు జతచేసుకునే డిజిటల్ కూపన్లు ఎక్కువయ్యాయి. అవి సాధారణంగా ఒక ఖాతాకు ఒకటే వస్తాయి, చేతులు మారవు. డిటర్జెంటు ధరను వారం ప్రకటనలో దుకాణమే తగ్గించినప్పుడు ఆ కూపన్ కూడా వాడి రెండు సీసాలు తెచ్చుకుంటాను. ఆదివారం పత్రిక ఇంకా తెప్పించుకుంటున్నాం. ఒక్క ప్రతి మాత్రమే.